పరిచర్య నుండి సౌందర్య వైద్యానికి

(ప్రసంగ పాఠం)



సువర్ణరేఖ, ఖర్కాయి నదులు సంగమించే చోట వెలసిన జంషెడ్‌పూర్‌ను లోకం ఉక్కునగరమని పిలుస్తుంది. 1907లో టాటా ఇనుము, ఉక్కు సంస్థ ఏర్పడింది. 1908లో సాక్చీ గ్రామం వద్ద నిర్మాణపు పనులు మొదలైనవి. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మ వెలువడింది. 1919లో ఆనాటి వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్జీ టాటా పేరు పెట్టాడు. ఇంతవరకు చరిత్ర పుస్తకాలలో అందరూ చదువుకున్నదే. కాని ఆ చరిత్రలో అంతగా చెప్పుకోని సంగతి ఒకటున్నది. నేడు టాటా మెయిన్ హాస్పిటల్ అని పేరుగాంచిన వైద్యశాల కూడ 1908లోనే చిన్న చికిత్సాలయంగా ఆరంభమైంది. అంటే, ఆ ఊళ్ళో కొలిమి రాజుకొనక ముందే గాయానికి కట్టు కట్టే చేయి సిద్ధమై ఉన్నదన్నమాట.

ఆ కట్టు కట్టే చేయి గురించే ఈ ప్రసంగం. నేడు దేశంలో ఎందరో నర్సులు వార్డును విడిచి సౌందర్య వైద్యం వైపు చూస్తున్నారు. ముఖంపై ముడతలను తగ్గించే సూదిమందులు, మచ్చలను పలచబరచే లేజర్ కిరణాలు, బట్టతలపై జుట్టు నాటే శస్త్రచికిత్స—వీటిని అందించే చికిత్సాలయాలు మహానగరాలకే పరిమితం కాలేదు. జంషెడ్‌పూర్, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాలకు కూడ అవి చేరినవి. పదేళ్ళు వార్డులో పనిచేసిన నర్సు అట్టి చికిత్సాలయంలో చేరితే, "సేవను వదలి సోకులకు పోయింది" అని కొందరు పెదవి విరుస్తారు. "కష్టాలు గట్టెక్కినవి" అని మరికొందరు అభినందిస్తారు. రెండు మాటలూ తొందరపాటు మాటలే. సౌందర్య వైద్యం ఎక్కడ పుట్టిందో, నర్సు దానికి ఏమి తీసుకొని వెళ్ళగలదో, చట్టం ఆమెను ఎంతవరకు అనుమతిస్తుందో విచారించిన తరువాతనే ఏ మాటైనా అనవలసి ఉంటుంది.

అనేక భాషల వార్డు

జంషెడ్‌పూర్ నిర్మాణంలో తెలుగువారి చెమట ఉన్నది. శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుండి పని వెతుక్కుంటూ రైలెక్కిన కుటుంబాలు ఆ కర్మాగారంలోను, దాని చుట్టూ వెలసిన పరిశ్రమలలోను స్థిరపడినవి. కదమాలోని ఆంధ్ర అసోసియేషన్, బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం ఆ వలసకు నిలిచి ఉన్న సాక్ష్యాలు. వారి పక్క ఇళ్ళలోనే వంగీయులు, ఒడియావారు, బీహారీలు, పంజాబీలు, తమిళులు, మలయాళీలు ఉంటారు. ఈ నేలకు తొలి వారసులైన సంతాలులు, హో జాతివారు, ముండాలు ఉన్నారు. 2000 నవంబరు 15న ఝార్ఖండ్ రాష్ట్రం ఏర్పడిన తరువాత కూడ ఈ నగర స్వరూపం మారలేదు.

ఇన్ని భాషలూ ఒకే గదిలో వినవచ్చే చోటు ఆసుపత్రి వార్డు. ఒంటి బాధను తెలుగువాడు మంట అంటాడు. హిందీవాడు జలన్ అంటాడు. వంగీయుడు జ్వాలా అంటాడు. మాట ఏదైనా నర్సు చేయి వెళ్ళవలసిన చోటు ఒకటే. రోగి ఏ కులమో, ఏ మతమో అడిగిన తరువాత కట్టు కట్టే నర్సు ఉండదు. జాతీయ సమైక్యత అనే పెద్ద మాటకు ఇంతకంటె సరళమైన పాఠం మరొకటి దొరకదు.

ఉక్కు కరిగే ఊళ్ళో కాలిన గాయాలు తప్పవు. కరిగిన లోహపు తుంపర, ఆవిరి, విద్యుత్తు—వీటి బారిన పడినవారు కొందరైతే, వంటింటి స్టవ్వు, దీపం, వేడినీరు వలన కాలినవారు మరెందరో. టాటా మెయిన్ హాస్పిటల్‌లో కాలిన గాయాలకు ప్రత్యేక విభాగమున్నది. 1961లో స్థాపించిన మహాత్మాగాంధీ స్మారక వైద్య కళాశాల ఆసుపత్రికి చుట్టుపట్ల జిల్లాల నుండి పేదలు వస్తారు.

అట్టి విభాగంలో పనిచేసే నర్సుకు చర్మమంటే ఏమిటో పుస్తకం కంటె ముందు చేతులు నేర్పుతవి. ఏ గాయం పైపొర వరకే కాలింది, ఏది లోపలి పొరను దాటింది అన్నది ఆమె చూపుతోనే పోల్చుకుంటుంది. తొడపై నుండి పలుచగా తీసిన చర్మాన్ని చేతిపై అతికించినప్పుడు అది బ్రతుకుతున్నదా, నల్లబడుతున్నదా అని పూటపూటకూ కనిపెట్టేది ఆమె. గాయం మానిన తరువాత మచ్చ ఉబ్బకుండ ఒత్తిడి దుస్తులను రోజుకు ఇరవైమూడు గంటలు, నెలల తరబడి ధరించాలని రోగికి నచ్చజెప్పేదీ ఆమెయే. మెడ, మోచేయి, వేళ్ళు బిగుసుకుపోకుండ బద్దలు కట్టి వ్యాయామం చేయించేటప్పుడు రోగి తిట్టే తిట్లు కూడ ఆమెకే.

ఆ అగ్ని జ్ఞాపకం

1989 మార్చి 3న, జంషెడ్జీ టాటా 150వ జయంతి సందర్భంగా జరిగిన సంస్థాపక దినోత్సవంలో, ఉత్సవ మండపానికి నిప్పంటుకొన్నది. అరవైమంది మరణించారు. నూటికి పైగా గాయపడ్డారు. మృతులలో అత్యధికులు స్త్రీలు, పిల్లలు. నష్టపరిహారపు వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2001లో వెలువడిన తీర్పులో న్యాయస్థానం ఒక విశేషమైన సూత్రాన్ని పాటించింది. సంపాదన లేని గృహిణి చేసే సేవకు విలువ లేదనడం తగదని భావించి, ఆ సేవలను నెలకు 3,000 రూపాయలుగా లెక్కగట్టింది. ఆ మొత్తం చిన్నదే కావచ్చు. కాని కనిపించని పరిచర్యకు కూడ వెల ఉన్నదన్న గుర్తింపు చిన్నది కాదు. ఈ సంగతిని గుర్తుంచుకొనవలసిన అవసరం ఈ ప్రసంగంలో మరొకసారి వస్తుంది.

అట్టి ప్రమాదాలలో ప్రాణం దక్కినవారికి చికిత్స ప్రాణంతో ముగియదు. అద్దంలో తన ముఖాన్ని తాను గుర్తుపట్టలేని మనిషి, బిడ్డ తన వైపు రావడానికి జంకడం చూసిన తల్లి, పెళ్ళిచూపుల మాట ఎత్తితేనే గదిలోకి వెళ్ళిపోయే యువతి—వీరికి కావలసినది ఏమిటి? అది వైద్యమా, సౌందర్యమా? ఈ ప్రశ్నకు వార్డులో గీత గీయడం ఎవరికీ సాధ్యం కాదు.

గాయం కడుపున పుట్టిన శాస్త్రం

చరిత్ర కూడ ఆ గీతను గీయలేకపోయింది. తెగిన ముక్కును తిరిగి నిలిపే విధానాన్ని సుశ్రుత సంహిత వివరించింది. ఆనాడు ముక్కు కోయడం ఒక శిక్ష. ముక్కు లేనివాడు ఊపిరి పీల్చగలడు గాని నలుగురిలో తలెత్తుకొని తిరగలేడు. కనుక ఆ శస్త్రచికిత్స శరీరం కంటె ముందు గౌరవాన్ని అతికించింది. 1794లో లండన్ పత్రిక ఒకటి పూనా ప్రాంతంలో కవాస్జీ అనే బండి తోలేవానికి నుదుటి చర్మంతో ముక్కు నిర్మించిన వృత్తాంతాన్ని ప్రచురించింది. ఆ పని చేసినవాడు వంశపారంపర్యంగా ఆ విద్య తెలిసిన సామాన్యుడు. ఆ వృత్తాంతం చదివి స్ఫూర్తి పొందిన కార్ప్యూ అనే ఆంగ్ల వైద్యుడు 1814లో అదే విధానాన్ని లండన్‌లో అనుసరించాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు చిన్నాభిన్నమైన సైనికుల కొరకు 1917లో ఇంగ్లండులోని సిడ్‌కప్‌లో ప్రత్యేక ఆసుపత్రి నెలకొన్నది. హెరాల్డ్ గిలీస్ అనే వైద్యుడు అక్కడ నేటి ప్లాస్టిక్ సర్జరీకి పునాదులు వేశాడు. రెండవ యుద్ధకాలంలో ఆయన బంధువు ఆర్చిబాల్డ్ మెకిండో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అనే పట్టణంలో విమానాలలో కాలిన యువకులకు చికిత్స చేశాడు. ఆయన శస్త్రం ఎంత గొప్పదో, ఆ పట్టణ ప్రజల ప్రవర్తన కూడ అంత గొప్పది. వికృతమైన ముఖాలతో వీధిలోకి వచ్చిన ఆ యువకులను వారు తేరిపార చూడలేదు. తమ ఇళ్ళకు భోజనానికి పిలిచారు.

మన దేశంలో వెల్లూరులో పాల్ బ్రాండ్ 1940ల చివరి నుండి కుష్ఠు వ్యాధిగ్రస్తుల వంకరవేళ్ళను సరిచేశాడు. తరువాత కుంగిన ముక్కును నిలబెట్టే, రాలిన కనుబొమ్మలను తిరిగి మొలిపించే శస్త్రచికిత్సలు కూడ అక్కడ జరిగినవి. వ్యాధి నయమైనా ముఖంలో దాని గురుతు మిగిలినవానికి ఊళ్ళో పని దొరకదు. కనుబొమ్మ అక్కడ అలంకారం కాదు, కూలి దొరకడానికి ఆధారం. జంషెడ్‌పూర్‌కు సమీపంలోని పురూలియాలో 1888 నుండి కుష్ఠు ఆసుపత్రి ఉన్నది. కనుక ఈ అనుభవం ఆ ప్రాంతపు నర్సులకు కొత్తది కాదు.

నేడు ముడతల సూదిమందుగా పేరుపొందిన బొట్యులినం విషయం కూడ ఇట్టిదే. అది చెడిన ఆహారంలో పెరిగే సూక్ష్మజీవి నుండి వచ్చే ఘోర విషం. అలన్ స్కాట్ అనే అమెరికా నేత్రవైద్యుడు దానిని అతి స్వల్ప మోతాదులో మెల్లకన్నును సరిచేయడానికి వాడాడు. 1989 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ సంస్థ దానిని కంటి వ్యాధులకు ఆమోదించింది. కనురెప్పల వ్యాధికి ఈ మందు పొందినవారి కనుబొమ్మల నడిమి ముడతలు కూడ తగ్గుతున్నవని కెనడాలో కారథర్స్ దంపతులు గమనించారు. ముడతలకు దానిని వాడడానికి 2002లో అనుమతి లభించింది. ఈ విధంగా సౌందర్య వైద్యంలో నేడు ధనికులు కోరే సాధనాలలో అనేకం ఒకనాడు ఎవరో ఒక బాధితుని కొరకు పుట్టినవే.

ఎందుకు వెళతారు?

నర్సు వార్డును విడిచిపోవడానికి కారణాలు ఆమెను అడగనక్కరలేదు. ఆమె నెలసరి పనివేళల పట్టికను చూస్తే చాలు. వరుస రాత్రి పనులు, పండుగనాడు దొరకని సెలవు, బరువైన రోగులను ఎత్తి దించడంతో పట్టుకొనే నడుమునొప్పి, పక్కన కూర్చోవడానికైనా తీరిక లేనంతమంది రోగులు. వీటికి తోడు ప్రైవేటు ఆసుపత్రులలో చాలని జీతం. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంపై ఏర్పడిన నిపుణుల సంఘం, 50 పడకల కంటె తక్కువ ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో కూడ నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకుండ ఇవ్వాలని, 200 పడకలు దాటినచోట రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. సిఫారసు వేరు, నెలాఖరున చేతికి వచ్చే జీతం వేరు. గృహిణి సేవకు న్యాయస్థానం వెల కట్టవలసి వచ్చినట్లే, నర్సు సేవకు కూడ కట్టవలసి వచ్చిందన్నది గమనించదగినది.

సౌందర్య చికిత్సాలయంలో పగటి వేళలు, ప్రశాంతమైన గది, తన కాళ్ళపై నడిచి వచ్చి నడిచి పోయే రోగి. ఇంట్లో చిన్నపిల్లలున్న నర్సు దీనిని కోరుకుంటే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. వార్డులోనే ఆమెకు గౌరవప్రదమైన జీతాన్ని, విశ్రాంతిని సమకూర్చని సమాజానికి అసలే లేదు. అయితే ఆ గది తలుపు తెరిచేముందు ఆమె తెలుసుకొనవలసిన సంగతులు కొన్ని ఉన్నవి.

చట్టం గీచిన గీత

విదేశాల వార్తలు విని కొందరు నర్సులు పొరబడుతుంటారు. బ్రిటనులో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు స్వయంగా మందు వ్రాసే హక్కు 2006 నాటికి విస్తృతమైంది. అక్కడ ముడతల సూదిమందు ఇచ్చేవారిలో నర్సులు కూడ ఉన్నారు. అట్లని అక్కడ కూడ పగ్గాలు లేకపోలేదు. 2013లో సర్ బ్రూస్ కియో నాయకత్వాన జరిగిన ప్రభుత్వ సమీక్ష, ఈ రంగంలో వినియోగదారునికి రక్షణ అత్యల్పమని హెచ్చరించింది. రోగిని ఎదుట కూర్చోబెట్టి పరీక్షించకుండ నర్సు ఇట్టి మందు వ్రాయరాదన్న నియమం 2025 జూన్ నుండి అమలులోకి వచ్చింది.

భారతదేశంలో పరిస్థితి వేరు. ఇక్కడ నర్సు వైద్యుని ఆదేశంపై సూదిమందు ఇవ్వగలదు. తానే రోగిని పరీక్షించి, తానే నిర్ణయించి, తన పేరిట ఇట్టి చికిత్సాలయం నడపడానికి నర్సు నమోదుపత్రం చాలదు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం, నమోదు లేకుండ వైద్యం చేసినవారికి ఒక సంవత్సరం వరకు కారాగారం, లేదా ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. జుట్టు నాటే శస్త్రచికిత్సను తగిన శిక్షణ పొందిన వైద్యులే చేయాలని, నర్సులు, సాంకేతిక సహాయకులు వారి పర్యవేక్షణలో సహాయకులుగా మాత్రమే ఉండాలని 2022లో ఆ కమిషన్ స్పష్టం చేసింది.

కొద్దిరోజుల శిక్షణతో, మెరిసే కాగితంపై ముద్రించిన ధ్రువపత్రంతో "సౌందర్య నిపుణురాలు" అన్న బిరుదు ఇచ్చే సంస్థలు నేడు అనేకం. ఆ కాగితం జ్ఞానానికి సాక్ష్యం కావచ్చు, కాకపోవచ్చు. చట్టమిచ్చే అధికారానికి మాత్రం సాక్ష్యం కాదు. యజమాని "ఫరవాలేదు, నీవే చేసెయ్" అన్నప్పుడు, వైద్యుడు ఎక్కడున్నాడని అడిగే ధైర్యం నర్సుకు ఉండాలి. ప్రమాదం జరిగిననాడు న్యాయస్థానంలో ఆమె నమోదు సంఖ్యే ప్రశ్నకు గురి అవుతుంది.

తీసుకువెళ్ళేది, నేర్చుకొనేది

వార్డు నుండి నర్సు తనతో తీసుకువెళ్ళే మూట చిన్నది కాదు. చేతులు కడుక్కొనే క్రమం, పరికరాల శుద్ధి, మందు పేరు, మోతాదు, గడువు తేదీ రెండుసార్లు సరిచూచుకొనే అలవాటు, జరిగినది జరిగినట్లు వ్రాసిపెట్టే నియమం, సూదిమందు పడక రోగి కుప్పకూలితే తక్షణం చేయవలసిన చికిత్స—ఇవి అలంకరణ దుకాణంలో దొరకవు. ఇందుమూలంగానే ఈ రంగానికి నర్సులు అవసరం.

నేర్చుకొనవలసినవి కూడ ఉన్నవి. మొదటిది ముఖంలోని రక్తనాళాల, నరాల స్థానం. బుగ్గను, పెదవిని నింపడానికి వాడే హైలురానిక్ ఆమ్లం పొరపాటున ధమనిలో చేరితే అక్కడి చర్మం చచ్చిపోవచ్చు. అరుదుగా చూపు కూడ పోవచ్చు. దానిని కరిగించే విరుగుడు మందు ఆ గదిలో లేనప్పుడు ఆ సూది ఎత్తరాదు. "నొప్పిగా ఉన్నది, రంగు పాలిపోయింది" అని రోగి ఫోనులో చెప్పిన మాటను "రేపు రండి" అని దాటవేయని నర్సు ఒక కంటిని కాపాడగలదు.

రెండవది మన చర్మపు స్వభావం. 1975లో అమెరికా వైద్యుడు ఫిట్జ్‌పాట్రిక్ ఎండకు చర్మం ఎట్లా స్పందిస్తుందో వర్గీకరించినప్పుడు, తెల్లచర్మాన్నే దృష్టిలో ఉంచుకొన్నాడు. గోధుమ, నలుపు వర్ణాలకు ఐదవ, ఆరవ తరగతులు తరువాత చేరినవి. తెల్లచర్మానికి కుదిర్చిన లేజర్ తీవ్రతను మన చర్మంపై ప్రయోగిస్తే కాలి, మచ్చ పోవడానికి బదులు కొత్త నల్లమచ్చ ఏర్పడవచ్చు. పరికరంతో వచ్చిన పుస్తకం కంటె ఎదుటనున్న చర్మాన్ని నమ్మడం కాలిన గాయాల వార్డు నేర్పిన పాఠమే.

మూడవది మనసు. లేని లోపాన్ని అద్దంలో చూచి కుమిలిపోయే మానసిక వ్యాధి ఒకటున్నది. అట్టివారికి ఎన్ని చికిత్సలు చేసినా తృప్తి ఉండదు. వారికి కావలసినది మానసిక వైద్యుడు. వార్డులో రోగి చెప్పని మాటను వినగల నర్సు ఈ సంగతిని ముందుగా పసిగట్టగలదు. "అమ్మా, ఇది మీకు అవసరం లేదు" అని చెప్పి ఒక చికిత్సను మాన్పించినప్పుడు చికిత్సాలయానికి రాబడి తగ్గవచ్చు. ఆ పూట ఆమె నర్సుగా నిలిచినట్లు.

రంగు అనే రోగం

ఈ రంగంలో నర్సుకు ఎదురయ్యే అతిపెద్ద పరీక్ష సూదీ కాదు, లేజరూ కాదు, తెల్లబడాలన్న కోరిక. "ఏ క్రీమైనా ఇవ్వండి సిస్టర్, పెళ్ళి దగ్గరపడింది" అని వచ్చే యువతి జంషెడ్‌పూర్‌లోను ఉంటుంది, శ్రీకాకుళంలోను ఉంటుంది. వైద్యుని చీటీ లేకుండ కొన్న స్టెరాయిడ్ లేపనాలను ముఖానికి నెలల తరబడి రాసుకొంటే మొదట నిగారింపు కనిపిస్తుంది. తరువాత చర్మం పలుచబడుతుంది, ఎర్రబడుతుంది, మొటిమలు లేస్తవి, రోమాలు పెరుగుతవి, మానితే మంట. చర్మవైద్యుల సంఘాల ఆందోళన ఫలితంగా 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నిర్దేశించింది. దొంగచాటుగా వచ్చే కొన్ని తెలుపు క్రీములలో పాదరసముంటుంది. అది చర్మం గుండా లోనికి వెళ్ళి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. 

ఇది వైద్యానికి మాత్రమే సంబంధించిన సమస్య కాదు. కాశ్మీరం నుండి కన్యాకుమారి వరకు అన్ని వర్ణాల చర్మమూ ఈ దేశపు చర్మమే. ఒక రంగును అందమని, మరొక రంగును లోపమని అమ్మే వ్యాపారం, మనుషుల మధ్య గోడలు కట్టే వ్యాపారం. సంతాలు యువతికి, తెలుగు యువతికి, పంజాబీ యువతికి ఎండ నుండి రక్షణ, మంగుమచ్చలకు తగిన చికిత్స ఒకే శ్రద్ధతో అందించే నర్సు, "తెల్లబరుస్తాం" అన్న ఫలకం కింద నిలబడడానికి నిరాకరించడం కూడ దేశసేవే.

తెరిచి ఉన్న బాట

అట్లయితే నర్సు ఏ బాట పట్టాలి? వార్డుకు, అలంకరణ గదికి నడుమ విశాలమైన ప్రదేశమున్నది. కాలిన మచ్చలకు సిలికాన్ పట్టీలు, ఒత్తిడి దుస్తులు, వైద్యుని పర్యవేక్షణలో లేజరు చికిత్స. బొల్లి మచ్చలు కలవారికి చికిత్సతో పాటు, అది అంటువ్యాధి కాదని ఇంటివారికి నచ్చజెప్పే ఓపిక. క్యాన్సరు చికిత్సలో జుట్టు, కనుబొమ్మలు పోయినవారికి తోడ్పాటు. ఆమ్లదాడి బాధితుల దీర్ఘకాల పరిచర్య—ఇవన్నీ సౌందర్య వైద్యమే, ఇవన్నీ పరిచర్యే.

ఆమ్లదాడి బాధితుల విషయంలో చట్టం ముందే నడిచింది. సుప్రీంకోర్టు 2013లో ఆమ్లం అమ్మకాలకు కట్టుదిట్టాలు విధించింది. బాధితులకు ప్రైవేటు ఆసుపత్రులు కూడ పునర్నిర్మాణ శస్త్రచికిత్సతో సహా ఉచిత చికిత్స ఇవ్వాలని 2015లో ఆదేశించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వారిని కూడ తన రక్షణలోనికి తెచ్చింది. చట్టపు మాటను ఆసుపత్రి గుమ్మం వద్ద నిజం చేయగలది, ఆ హక్కు తెలిసిన నర్సు. దరఖాస్తు ఎట్లా వ్రాయాలో, ఏ బల్ల వద్దకు వెళ్ళాలో, మరుసటి శస్త్రచికిత్సకు ఎప్పుడు రావాలో చెప్పి పంపే నర్సు, శస్త్రవైద్యుని కత్తికి తీసిపోని ఉపకారం చేస్తుంది.

విద్యాలయాలలో నర్సింగు చదువుకొంటున్న యువతీ యువకులు ఈ సంగతులను ఆలోచించాలి. 1947 నాటి భారతీయ నర్సింగ్ కౌన్సిల్ చట్టం ఈ వృత్తికి క్రమాన్ని ఇచ్చింది. 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, ప్రసూతి సేవల కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. సౌందర్య వైద్యంలో నర్సు పాత్ర ఏమిటి, ఏ శిక్షణ కావాలి, ఎవరి పర్యవేక్షణలో, ఎంతవరకు అన్న ప్రశ్నలకు నిశ్చితమైన సమాధానాలు రావలసి ఉన్నవి. అట్టి పాఠ్యక్రమం వస్తే, దానిలో మొదటి పాఠం ముడతల గురించి కాక కాలిన గాయాల వార్డులో గడిపే నెలల గురించి ఉండడం న్యాయం. కట్టు విప్పినప్పుడు రోగి అద్దం అడిగిన క్షణాన్ని ఎదుర్కొన్న నర్సుకు, ముఖాన్ని వస్తువుగా చూడడం చేతకాదు.

జంషెడ్‌పూర్‌లో రాత్రి కొలిమి వెలుగుకు ఆకాశం ఎర్రబడడం అక్కడివారికి పరిచితమైన దృశ్యం. ఆ వెలుగు కింద, ఏదో ఒక వార్డులో, ఒక నర్సు ఒక చేతికి కట్టు మారుస్తూ ఉంటుంది. రేపు ఆమె ఆ వార్డులోనే ఉండవచ్చు. మరొక గదిలో, మరొక దీపం కింద ఒక మచ్చను పలచబరచడానికి వైద్యునికి చేయి అందిస్తూ ఉండవచ్చు. ఆమె ఎక్కడున్నా అడుగవలసిన ప్రశ్న ఒకటే: ఎదుటనున్న మనిషి నలుగురిలోకి తలెత్తుకొని వెళ్ళడానికి ఈ చేయి తోడ్పడుతున్నదా? తోడ్పడుతున్నంతకాలం ఆమె వృత్తి మారలేదు. వార్డు మాత్రమే మారింది.